కోళ్ల మధ్య తిరిగే కుక్కని ఎలా తయారు చేసుకోవాలి – మా తోటలో జరిగిన తప్పులతో సహా



పోయిన వీడియోలో మామిడి చెట్ల కింద నాటు కోళ్లు ఎలా తిప్పుతున్నామో చూపించాను. గూడు కొలతలు, దాణా ఖర్చు, గుడ్ల లెక్క అన్నీ చెప్పాను. కామెంట్లు చూస్తే సగం మంది కోళ్ల గురించి అడగనే లేదు. వీడియోలో ఒక మూల కోడిపిల్లల పక్కనే కాళ్లు చాపుకుని పడుకున్న నల్ల కుక్క గురించే అడిగారు. "అన్నా, అది కోళ్లని ఏమీ అనదా?", "మా కుక్కకి కోడి కనబడితే చాలు ఆగదు, మీది ఏం జాతి?", "కట్టేయకుండా ఎలా వదిలేశారు?" ఇలా.

దాని పేరు నల్లోడు. జాతి ఏమీ లేదు, మన ఊరకుక్కే. ఇప్పుడు రెండేళ్లు. మామిడి కాపు టైములో కోతుల్ని చెట్టు ఎక్కనివ్వదు, కోళ్ల జోలికి పోదు, తోటకి వచ్చిన వాళ్ల మీదికి ఎగరదు. వీడియోలో చూసింది నిజమే, ఎడిటింగ్ ఏమీ లేదు.

కానీ నల్లోడిని మాత్రమే చూపిస్తే సగం అబద్ధం చెప్పినట్టే. మా తోటలో ఇంకో కుక్క ఉంది, టైగర్. అది మీకు ఏ వీడియోలోనూ కనబడదు, ఎందుకంటే కెమెరా పెట్టేటప్పుడు దాన్ని వలకి అవతల ఉంచుతాను. నల్లోడికి నేర్పినవన్నీ టైగర్ దగ్గర చేసిన తప్పుల వల్ల తెలిసినవే. అందుకని ముందు టైగర్ సంగతి.

టైగర్‌ని ఎలా పాడు చేశాం

తెచ్చినప్పుడు అది నెల రోజుల పిల్ల. ఇంకా తల్లి పాలు తాగుతోంది. స్నేహితుడు "తీసుకెళ్లరా, ఎవరో ఒకరు పట్టుకుపోతారు" అంటే జేబు రుమాల్లో పెట్టుకుని తెచ్చేశాను. రెండు నెలల వయసులో కోడిపిల్ల వెనకాల తడబడుతూ పరిగెత్తేది. మా పెద్దనాన్న పిల్లలు వేసవి సెలవులకి వచ్చి "పట్టుకో టైగర్, పట్టుకో!" అని చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ నవ్వాను. ఫోన్లో వీడియో కూడా తీశాను, సిగ్గుపడాల్సిన విషయం.

ఎనిమిదో నెల వచ్చేసరికి ఒక రోజు పొద్దున్నే పక్క తోట బాబాయ్ వచ్చి "అబ్బాయ్, ఒకసారి రా" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. వెళ్లి చూస్తే తొమ్మిది కోళ్లు. ఒక్కటి కూడా తినలేదు, అన్నీ చంపి అక్కడక్కడా పడేసింది. కోడికి 500 చొప్పున 4,500 ఇచ్చాను. బాబాయ్ డబ్బులు తీసుకున్నాడు కానీ ఆ తర్వాత మూడు నెలలు బోరు దగ్గర కనబడినా పలకరించలేదు.

అప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన వైద్యం అంతా చేశాం. చచ్చిన కోడిని దాని మెడకి కట్టి రెండు రోజులు తిప్పాం. పలుపు తాడుతో కొట్టాను. ఒకాయన గోనె సంచిలో వేసి ఏరు దాటించి వదిలేయమన్నాడు, అది మాత్రం మనసొప్పలేదు. చివరికి గొలుసు వేసి మామిడి చెట్టుకి కట్టేశాం. రోజుకి ఇరవై గంటలు గొలుసే. సమస్య తీరిపోయింది అనుకున్నాం.

ఏడాది తర్వాత మా తోటలో కలుపు తీయడానికి వచ్చే పిన్ని చెట్టుకి ఆనించిన పార తీసుకుందామని వెళ్లింది. కనీసం గుర్రుమనలేదు. పిక్క పట్టేసింది.

నేను వెళ్లేలోపే ఎవరో గాయం మీద పసుపు, కారం పెట్టారు. కడిగించి బండి మీద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "కుక్కకి టీకా ఎప్పుడు వేయించారు?" నేను నోరు తెరవలేకపోయాను. చిన్నప్పుడు ఒకటి వేయించాను, ఏడాదికి వేయించాల్సింది ఏడు నెలలు దాటిపోయింది. వ్యవసాయ డిప్లొమా చేసినోడిని, ఆవులకి గాలికుంటు టీకా తేదీ గోడ మీద రాసుకున్నోడిని. కుక్క దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

పిన్నికి ఇంజక్షన్లు అదే రోజు మొదలుపెట్టారు. తేదీల ప్రకారం మళ్లీ మళ్లీ తిప్పాను, కూలి డబ్బులు ఇచ్చాను. కరిచిన కుక్కని 10 రోజులు గమనించమన్నారు. ఆ 10 రోజులు టైగర్ నీళ్లు తాగిందా, తిండి తిందా అని రాత్రి రెండు గంటలకి టార్చి వేసుకుని వెళ్లి చూసేవాడిని. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

కుక్క చెడ్డది కాదు, దానికి గిట్టుబాటైన పని చేసింది

ఆ 10 రోజుల్లో కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది. మన నేల సంగతి మనకి తెలుసు. నేల ఖాళీగా వదిలేస్తే కలుపు మొలుస్తుంది. అందుకే ఆచ్ఛాదన వేస్తాం, సజీవ పంట వేస్తాం. కలుపుని తిట్టుకుంటూ కూర్చోం. కుక్క కూడా అంతే. దానికి పని ఏమీ చెప్పకపోతే ఖాళీగా ఉండదు, దానికి తోచిన పని అది వెతుక్కుంటుంది. కోడిని తరమడం, డ్రిప్ పైపు కొరకడం, బెడ్డు తవ్వడం, దారిన పోయే బండి వెంట పడడం, అన్నీ అలా వచ్చినవే.

ఇంకో విషయం. కుక్క ఏ పని చేస్తే లాభం వచ్చిందో ఆ పని మళ్లీ చేస్తుంది. లాభం అంటే తిండి ఒక్కటే కాదు. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తడమే దానికి పెద్ద బహుమతి. మనం పైనుంచి చప్పట్లు కొడితే డబుల్ బోనస్. టైగర్‌కి రెండు నెలల వయసు నుంచి మేము రోజూ ట్రైనింగ్ ఇచ్చాం, కోళ్లని తరమడంలో.

మరి చచ్చిన కోడిని మెడకి కడితే ఎందుకు పని చేయలేదు? కుక్క ఒక పనినీ దాని ఫలితాన్నీ కలుపుకోవాలంటే మధ్యలో ఒకటి రెండు సెకన్లు మించి గ్యాప్ ఉండకూడదు. పొద్దున ఆరింటికి చంపింది, ఎనిమిదింటికి మనం మెడకి కట్టాం. దానికి అర్థమైంది ఒకటే, "యజమాని కోపంగా ఉన్నాడు, మెడలో ఏదో వాసన వేలాడుతోంది" అని. "అదిగో తల దించుకుంది, తప్పు తెలుసు దానికి" అంటాం కదా. అదీ నిజం కాదు. అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ 2009లో దీని మీద పరీక్ష చేసి రాశారు. తప్పు చేసిన కుక్కా, చేయని కుక్కా, యజమాని తిడితే రెండూ అదే ముఖం పెట్టాయి. అది మన కోపం చూసి పెట్టే ముఖం, పశ్చాత్తాపం కాదు.

ఇక కొట్టడం. కొడితే ఆగిపోయినట్టు కనబడుతుంది, అందుకే మనకి నమ్మకం. కానీ టైగర్ విషయంలో ఏం జరిగిందంటే, గుర్రుమన్నప్పుడల్లా కొట్టాను. గుర్రుమనడం అంటే కుక్క "దగ్గరికి రావద్దు" అని చెప్పే మాట. ఆ మాటని కొట్టి మాన్పించాను. లోపల భయం మాత్రం అలాగే ఉంది. చివరికి పిన్నిని హెచ్చరిక లేకుండా పట్టేసింది. మీ కుక్క గుర్రుమంటే సంతోషించండి, అది ఇంకా మాట్లాడుతోంది. ఎందుకు గుర్రుమందో చూసుకుని మీరు వెనక్కి తగ్గండి, ఆ కారణం సరిచేయండి.

పిల్లని ఎప్పుడు తేవాలి

ఎనిమిది వారాలు, అంటే రెండు నెలలు నిండాక. అంతకు ముందు తేవద్దు. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉన్నప్పుడే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. టైగర్‌కి ఆ చదువు లేదు.

పిల్లకి మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఆ టైములో మంచి అనుభవంతో చూసిన వాటిని జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. చూడనివి తర్వాత కనబడితే భయపడుతుంది, భయం కరుపుగా మారుతుంది. మీరు తెచ్చేసరికే ఆ టైములో సగం అయిపోయి ఉంటుంది. కాబట్టి "పెద్దయ్యాక నేర్పుదాంలే" అనే మాట వద్దు.

నల్లోడిని తెచ్చిన రోజు నుంచి ఒక కాగితం రాసుకున్నాను. ట్రాక్టరు, పవర్ వీడర్, బ్రష్ కట్టర్ చప్పుడు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, తలపాగా కట్టిన తాత, నెత్తి మీద గంప పెట్టుకున్న ఆడవాళ్లు, కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్లు, ఏడ్చే చిన్నపిల్లలు, ఆవులు, దూడ, పుంజు. రోజుకి రెండు మూడు చూపించడం, దూరం నుంచి, చిన్న తిండి ముక్క పెడుతూ. భయపడితే ఇంకా దూరం. టీకాలు పూర్తి కాకముందు ఊరకుక్కలు తిరిగే చోట కింద వదలలేదు, చంకన వేసుకుని తిప్పాను. పార్వో జబ్బు వస్తే పిల్లలు నిలబడడం కష్టం.

జాతి కుక్క కావాలా అని అడిగిన వాళ్లకి ఒక మాట. ముధోల్, రాజపాళయం లాంటివి మన దేశవాళీవే, అందమైనవి. కానీ అవి వేట కోసం తయారైన జాతులు. పరిగెత్తేదాన్ని చూస్తే వెంటపడడం వాటి రక్తంలో ఉంది. కోళ్లు వదిలి పెంచే తోటకి నా వరకు ఊరకుక్కే నయం. దేశీ ఆవు కావాలని వందల కిలోమీటర్లు వెళ్తాం, మన గుమ్మం ముందు ఉన్న దేశీ కుక్కని రాయి పుచ్చుకుని తోలతాం.

ఇంట్లో అందరిదీ ఒకే మాట

మా ఇంట్లో టైగర్‌కి నేను "సిట్" అనేవాడిని, నాన్న "కూకో" అనేవారు, మా అమ్మాయి "కూర్చో టైగర్ ప్లీజ్" అనేది. మూడు మాటలు, ఒక కుక్క. మనకి ఇదో అలవాటు, కుక్కకి ఇంగ్లీషే వస్తుందనుకుంటాం. ఏ భాషైనా దానికి శబ్దమే. మీ ఇంట్లో అమ్మమ్మకి కూడా నోరు తిరిగే మాట పెట్టుకోండి. మేము పెట్టుకున్నవి నాలుగే: "రా", "ఆగు", "వదులు", "చోటుకి". చోటు అంటే పాక ముందు పరిచిన గోనె పట్టా. ఈ నాలుగూ పాక తలుపు మీద సుద్దతో రాశాం, కూలికి వచ్చిన వాళ్లకి కూడా చెప్పాం.

పేరు కూడా చూసి పెట్టండి. మీ మాట "రా" అయినప్పుడు కుక్క పేరు "రాజా" అయితే దానికి తికమక. పేరుతో తిట్టకండి కూడా. పేరు వినబడితే మంచి జరుగుతుంది అనుకోవాలి.

ఐదో మాట ఒకటి ఉంది, అది ఆజ్ఞ కాదు. "భేష్". అది మనకి కావలసిన పని చేసిన క్షణంలో "భేష్" అంటాను, అన్న సెకనులో ముక్క నోట్లో పడుతుంది. మొదటి రెండు రోజులు ఏ పనీ చెప్పకుండానే భేష్ – ముక్క, భేష్ – ముక్క అని ముప్పై నలభై సార్లు చేశాను. ఆ తర్వాత దూరంగా ఉన్నప్పుడు కూడా "నువ్వు ఇప్పుడు చేసింది కరెక్టు" అని చెప్పడానికి ఆ మాట పనికొస్తుంది. బయట ట్రైనర్లు దీనికే టిక్ టిక్ అనే చిన్న డబ్బా వాడతారు. మనకి నోరు చాలు.

ముక్క అంటే పెద్ద ఖర్చు కాదు. ఉడికించిన కోడి లివరు శనగ గింజంత ముక్కలు, ఉడికిన గుడ్డు, ఉప్పు వేయని రాగి సంకటి చిన్న ఉండలు. ఇచ్చినంత మేరకి సాయంత్రం తిండి తగ్గించాలి, లేకపోతే లావెక్కుతుంది.

"రా" అంటే రావాలి

నన్ను అడిగితే ఒక్క మాటే నేర్పే ఓపిక ఉందంటే "రా" నేర్పండి. మన కుక్క రోడ్డు వైపు, పక్క చేలో అడవి పందులకి పెట్టిన కరెంటు తీగ వైపు వెళ్తున్నప్పుడు దాని ప్రాణం నిలబెట్టేది ఈ మాటే.

ముందు పాకలో, రెండు అడుగుల దూరంలో. "నల్లోడా, రా" అని నేను వెనక్కి నాలుగు అడుగులు వేస్తాను. వెనక్కి నడిస్తే కుక్క మన వెంట వస్తుంది, ముందుకి వెళ్తే పారిపోతుంది. రాగానే భేష్, ముక్క. వారం తర్వాత వాకిట్లో. తర్వాత తోటలో, మెడ బెల్టుకి ముప్పై అడుగుల నైలాన్ తాడు కట్టి. తాడు లాగడానికి కాదు, రాకపోతే పారిపోకుండా ఉండడానికి.

ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటుంది. "రా" అని పిలుస్తాం, వస్తే గొలుసు వేస్తాం. లేదా పిలిచి తిడతాం. నాలుగు సార్లు అయితే "రా" అంటే జైలు అని దానికి అర్థమైపోతుంది. నేను రోజులో పది సార్లు పిలిస్తే తొమ్మిది సార్లు ముక్క పెట్టి మళ్లీ వదిలేస్తాను. కట్టాల్సి వస్తే పిలవను, నేనే వెళ్లి పట్టుకుంటాను. ఎంత ఆలస్యంగా వచ్చినా, ఏ చెత్త పని చేసి వచ్చినా, వచ్చినందుకు మెచ్చుకోవాలి. పళ్లు కొరుక్కుని అయినా సరే.

ఇప్పుడు కోళ్లు

ఇది నెమ్మది పని. నాకు నాలుగు నెలలు పట్టింది. రోజుకి మూడు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు. అంతకు మించి చేస్తే కుక్కకీ విసుగు, మనకీ విసుగు.

మొదట కోళ్లు వల లోపల. నల్లోడు పది అడుగుల తాడు మీద నా పక్కన, వలకి నలభై యాభై అడుగుల దూరంలో. ఆ దూరంలో కోళ్లు కనబడతాయి కానీ ఒళ్లు బిగుసుకోదు. చెవులు అటు తిప్పి చూస్తుంది. నేనేమీ అనను. కాసేపటికి నా వైపు తిరుగుతుంది. తిరిగిన క్షణంలో భేష్, ముక్క. మళ్లీ కోళ్లని చూస్తుంది, మళ్లీ నన్ను. అంతే, ఇదే మొత్తం పాఠం. కోడి కనబడితే నన్ను చూస్తే లాభం అని దానికి తెలియాలి.

పది సార్లలో ఎనిమిది సార్లు తనంతట తను నా వైపు తిరిగితే ఐదు అడుగులు దగ్గరికి. తిరగకపోతే పది అడుగులు వెనక్కి. అహం అడ్డం పెట్టుకోకూడదు. నేను ఒక రోజు తోటకి వచ్చిన వాళ్లకి చూపిద్దామని ఒకేసారి ఇరవై అడుగులకి తీసుకెళ్లాను. ఒక పుంజు రెక్కలు కొట్టింది, నల్లోడు దూకింది, నా అరచెయ్యి తాడుకి చీరుకుపోయింది. తప్పు నాది. కొట్టలేదు, మళ్లీ నలభై అడుగుల నుంచి మొదలుపెట్టాను.

చూడాల్సిన గుర్తు ఒకటి చెప్తాను. కుక్క తోక కదలకుండా, తల కిందికి వంచి, కన్నార్పకుండా, ఒక ముందు కాలు కొంచెం ఎత్తి నిలబడిందంటే అది వేట మొదలైనట్టే. అప్పుడు పిలిచినా చెవికెక్కదు. ఆ స్థితి రాకముందే వెనక్కి తిప్పుకోవాలి. వచ్చేసిందంటే మీరు చాలా దగ్గరికి వెళ్లారని.

వల దగ్గర కూడా మామూలుగా కూర్చోగలిగాక నేనూ నల్లోడూ వల లోపలికి వెళ్లాం, తాడుతోనే. మొదట తిండి తిని నీడన కూర్చున్న కోళ్ల దగ్గరికి. తర్వాత నేను గింజలు విసిరితే కోళ్లు పరిగెత్తేటప్పుడు. చివరగా పిల్లల కోడి దగ్గరికి. ఇక్కడ నాకంటే మంచి గురువు దొరికింది. మా గోధుమరంగు పెట్ట రెక్కలు విప్పి వచ్చి నల్లోడి ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ పెట్ట వస్తే నల్లోడు లేచి పక్కకి జరుగుతుంది.

ఆ తర్వాత తాడు చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్చుకుంటూ తిరగనిచ్చాను, నేను అక్కడే కలుపు తీసుకుంటూ. ఒంటరిగా కోళ్లతో వదిలింది పద్నాలుగో నెలలో. ఇప్పటికీ రాత్రి కోళ్లు గూట్లో, గూటికి గడియ. నమ్మకం వేరు, గడియ వేరు.

కుక్కకి పెట్టే తిండి కోళ్లు తిరిగే చోట పెట్టకండి. కోళ్లు వచ్చి గిన్నెలో ముక్కు పెడితే ఎంత మంచి కుక్కకైనా కోపం వస్తుంది. గుడ్లు పొద్దున పదింటిలోపు ఏరేయండి, పొదలో గుడ్డు రుచి మరిగిన కుక్కని మాన్పించడం నాకూ చేతకాలేదు.

గొలుసు సంగతి

రోజంతా కట్టేసిన కుక్క కాపలా కాయదు, అరుస్తుంది అంతే. ఎవరు వచ్చినా తప్పించుకునే దారి లేదని దానికి తెలుసు, అందుకని కరుస్తుంది. ఎప్పుడూ గొలుసుతో ఉంచే కుక్కని సరిగా తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

వదలడం కుదరకపోతే రెండు చెట్ల మధ్య తలకంటే ఎత్తులో తీగ లాగి దానికి రింగు వేసి ఆ రింగుకి తాడు కట్టండి. నలభై అడుగులు అటూ ఇటూ తిరగగలుగుతుంది. నీడ, నీళ్లు అందేలా చూడండి. టైగర్‌కి ఇప్పుడు ఇదే ఏర్పాటు. పొద్దున్నే కంచె చుట్టూ అరగంట నడిపిస్తాను, వాసనలు చూసుకోనిస్తూ. ఆ అరగంట వాసనలు చూసిన రోజు పగలంతా పడుకుంటుంది. అలా తిప్పని రోజు డ్రిప్ లేటరల్ కొరికేస్తుంది. కొరికే వయసు పిల్లలకి పెద్ద పచ్చి ఎముక ఇవ్వండి, దగ్గరుండి. ఉడికించిన కోడి ఎముక వద్దు, చీలి గుచ్చుకుంటుంది.

మన ప్రకృతి వ్యవసాయం తోటల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

రసాయనం లేదు కాబట్టి కుక్కకి ప్రమాదం లేదనుకుంటాం. ఆముదం చెక్క (కొన్ని చోట్ల ఆముదం పిండి అంటారు) కుక్కలకి విషం. అందులో ఎముకల పొడి కలిపితే వాసనకి ఆశపడి తింటాయి, ప్రాణం మీదికి వస్తుంది. బస్తా పైన అటక మీద పెట్టండి, వేసిన వెంటనే మట్టిలో బాగా కలపండి. చేపలు, బెల్లంతో చేసే మీనామృతం డ్రమ్ము మూతకి బరువు పెట్టండి, ఆ వాసన కిలోమీటరు నుంచి లాగుతుంది. ఉమ్మెత్త ఆకు వేసిన దశపర్ణి కషాయం, పొగాకు వేసిన అగ్నిఅస్త్రం దగ్గరికి రానివ్వకండి. పిడుదులు పోతాయని ఈ కషాయాలు కుక్క మీద కొట్టిన వాళ్లు ఉన్నారు, దయచేసి కొట్టకండి. ఇంట్లో మిగిలిన ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకండి.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. పంటకి మందు వద్దన్నాం కదా అని కుక్కకి టీకా వద్దనకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు, ఆకులో లేదు, ఇంగ్లీషులో లేదు. మూడో నెలలో మొదటి టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆ తర్వాత ఏటా. జూలై 6న జూనోసిస్ దినం, సెప్టెంబరు 28న రేబిస్ దినం, ఆ రోజుల్లో పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు, కనుక్కోండి. మా ఇంట్లో ఇప్పుడు ఆవుల తేదీల కింద రెండు కుక్కల తేదీలు కూడా గోడ మీద ఉన్నాయి.

ఎవరినైనా కరిస్తే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగండి. 15 నిమిషాలు అంటే గడియారం చూసుకుని. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏదీ వద్దు. తర్వాత నేరుగా ఆసుపత్రికి. కుక్కని 10 రోజులు గమనించడం సరే, కానీ అది చూసి ఇంజక్షన్ మొదలుపెడదాం అని ఆగకండి. ఇంట్లో కుక్కే కదా, టీకా వేయించాం కదా అని కూడా ఆగకండి, డాక్టరు చెప్పాలి.

టైగర్ ఇప్పుడు

చాలా మంది "పెద్ద కుక్క మారుతుందా" అని అడుగుతారు. మారుతుంది, కొంతవరకు. టైగర్‌కి ఇప్పుడు ఐదేళ్లు. "రా" అంటే వస్తుంది. వలకి ఇవతల కూర్చుని కోళ్లని చూస్తూ నా వైపు తిరుగుతుంది, భేష్ అంటే ముక్క తింటుంది. వల తీసేసే ధైర్యం నాకు లేదు, తీయను కూడా. ఒకసారి చంపిన రుచి తెలిసిన కుక్క అది. మనుషులు వచ్చే రోజు వలకి అవతలే ఉంటుంది, ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు మూతికి బుట్ట వేస్తాను. బుట్ట వేసుకోవడం కూడా వారం రోజులు ముక్కలు పెట్టి నేర్పాను, బలవంతంగా వేయలేదు. నాలుగు నెలల క్రితం మొదటిసారి గుర్రుమంది, కొత్త పాలేరు తీగ కిందికి వెళ్తే. అతను వెనక్కి వచ్చేశాడు. నేను టైగర్‌ని ఏమీ అనలేదు.

పిన్ని ఇప్పటికీ మా తోటకే పనికి వస్తుంది. తెచ్చుకున్న రొట్టెలో చివరి ముక్క దూరం నుంచే టైగర్‌కి విసురుతుంది. నల్లోడు ఆవిడ వెనకాలే సాళ్ల వెంట తిరుగుతుంది. కానీ పొద్దున గేటు దగ్గర సైకిల్ ఆపి, లోపలికి అడుగు పెట్టేముందు రోజూ ఒకటే అడుగుతుంది.

"టైగర్‌ని కట్టేశావా అబ్బాయ్?"

"కట్టేశాను పిన్నీ" అని చెప్పాకే గేటు తీస్తుంది.